అడిగి పట్టిన చేప

గాలం పట్టేవాడికి ఛత్తీస్‌గఢ్‌లో సంవత్సరాది ఆగస్టు 16న వస్తుంది. జూన్ 16 నుంచి ఆగస్టు 15 వరకు ఈ రాష్ట్రంలోని నదుల్లో, వాగుల్లో, వాటితో కలిసిన జలాశయాల్లో వల వెయ్యకూడదు, గాలం వెయ్యకూడదు. అతిక్రమిస్తే జరిమానా ఉంది, జైలూ ఉంది. ఏ ఏటితోనూ సంబంధం లేని చిన్న చెరువులకూ, పంజరాల్లో పెంచే చేపలకూ మాత్రం మినహాయింపు. మిగతా నీళ్ళన్నీ రెండు నెలలపాటు చేపలవే. పదిహేనో తారీఖున భిలాయిలోని సుపేలాలో బడుల ముందు జెండాలు ఎగురుతాయి, పిల్లల చేతుల్లో లడ్డూలు పడతాయి. మర్నాడు తెల్లవారేసరికి శివనాథ్ నది ఒడ్డున గాలపు కర్రలు లేస్తాయి. ఏడాది మొత్తంలో ఈ ఊరి దాపున నాకు అన్నిటికన్నా అందంగా కనిపించే ఉదయం అది. ఎందుకో చెప్పాలని చాలాకాలంగా ఉంది.

ఆ అందం మొదలయ్యేది నది మూతపడిన రోజునే. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెంచే బొచ్చె, రోహు, ఎర్రమోసు మనందరికీ తెలిసిన చేపలు. శివనాథ్‌లోనూ అవే. చెరువులో వేస్తే పెట్టింది తింటాయి, బరువెక్కుతాయి, కడుపు నిండా గుడ్లూ నింపుకుంటాయి. కానీ మామూలు చెరువు నిలవ నీటిలో గుడ్లు విడవవు. ఆకాశం ఉరమాలి, ఏరు ఎర్రబడాలి, నీళ్ళు గట్టు దాటి గడ్డిలోకి పాకాలి. అప్పుడు ఎదురీది వచ్చి, మోకాలి లోతు వరద నీటిలో లక్షల్లో గుడ్లు వదులుతాయి. ఒక రోజు తిరక్కుండానే ఆ గుడ్లు పిల్లలవుతాయి. చేపల ఈ మొండిపట్టును మనిషి దాటింది 1957 జూలై 10న. ఒడిశాలోని అంగుల్‌లో శాస్త్రవేత్తలు హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి పీయూష గ్రంథి సారాన్ని సూదితో ఎక్కించి చెరువు చేప చేత గుడ్లు పెట్టించారు. దేశంలో ఇవాళ్టి చేపల పెంపకమంతా ఆ సూది మీద నిలబడింది. అందుకే జూలై 10ని జాతీయ చేపల రైతుల దినంగా జరుపుతారు. నదిలో తిరిగే రోహుకు మాత్రం ఆ సూది వేసేవాడు లేడు. దానికి ఆషాఢ శ్రావణాల వానే దిక్కు. ఆ రెండు నెలలూ దాని జోలికి పోకుండా ఉండడమే మనం చెయ్యగలిగిన ఉపకారం.

విప్రలంభం, అంటే ఎడబాటు, లేనిదే సంభోగ శృంగారం పండదని ఆలంకారికులు ఒక సూక్ష్మం పట్టుకున్నారు. అది కావ్యాల్లో చదివినప్పటికన్నా జూలై నెలలో శివనాథ్ వంతెన మీద నిలబడినప్పుడు నాకు బాగా తెలుస్తుంది. గాలపు కర్ర ఇంట్లో బీరువా వెనక నిలబెట్టి ఉంటుంది. నది ఒడ్డులు ఒరుసుకుంటూ పోతుంటుంది. ఎక్కడో గడ్డి దుబ్బుల మధ్య పెద్ద చేప తోక కొట్టిన చప్పుడు వినిపిస్తుంది. చేతులు ఊరుకోవు, కానీ ఊరుకోవాలి. ఊరుకున్న ఆ చేతుల వల్లే కళ్ళు పనిచెయ్యడం మొదలుపెడతాయి. ఏ రాయి దగ్గర నీళ్ళు వెనక్కి తిరుగుతున్నాయి, ఏ నాలా తేటనీరు తెస్తోంది, కొంగలు ఏ వంపులో వాలుతున్నాయి, ఇదంతా పట్టడానికి వీల్లేని రోజుల్లో నేర్చుకునే పాఠం. ఏడాది పొడుగునా పట్టుకోవచ్చని ఉంటే నదిని ఇంత శ్రద్ధగా ఎవరూ చూడరని నా నమ్మకం.

భిలాయి తెలుగువాళ్ళకు ఈ ఎడబాటు రెండు దిక్కుల నుంచి తెలుసు. ఇక్కడి ఉక్కు కర్మాగారం కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన కాలం నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కుటుంబాలు ఈ కర్మాగారం నీడకు వచ్చి చేరుతూనే ఉన్నాయి. సుపేలాలో, ఖుర్సీపార్‌లో, సెక్టార్లలో ఇప్పటికీ ఇళ్ళల్లో ఆ యాసే వినిపిస్తుంది. వాళ్ళ చుట్టాలున్న తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మరపడవల వేట ఆపుతారు. అక్కడ పడవలు జూన్ 15న సముద్రంలోకి దిగితే, ఒక్క రోజు తేడాతో ఇక్కడ నది మూతపడుతుంది. తెలంగాణలో జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె నాడు చేప తిని తీరాలంటారు. ఆ కార్తె వెళ్ళకముందే ఇక్కడ నదిచేప ముట్టరాని వస్తువవుతుంది. సముద్రం ఒక లెక్కన, నది ఒక లెక్కన, పంచాంగం ఒక లెక్కన నడుస్తాయి. అన్నిటి అడుగునా ఉన్నది ఒకటే, వాన.

ఇక ఆ ఉదయం. సుపేలా నుంచి జీ.ఈ. రోడ్డు పట్టుకుని దుర్గ్ మీదుగా పుల్‌గావ్ దాటితే శివనాథ్ వంతెన. పక్కకు తిరిగితే మహమరా ఎనికట్ అనే ఆనకట్ట. ప్లాంటులో రాత్రి డ్యూటీ దిగినవాళ్ళు కొందరు ఇంటికి పోకుండా ఇటే వస్తారు, ఇనుప బొటనవేలు బూట్లు ఒడ్డున విప్పి, పాంటు మడిచి. ఇక్కడి జాలర్లయిన కేవట్ కుటుంబాలు అప్పటికే వలలు విప్పుతుంటాయి. ఈ రెండు నెలలు వాళ్ళకు పనిలేని నెలలు, వాళ్ళ ఎదురుచూపు ముందు మా ఎదురుచూపు ఏపాటిది కాదు. అందుకే వాళ్ళు దిగే చోటు వదిలి, పైకి నడిచి చోటు వెతుక్కోవడం గాలం పట్టేవాడి మర్యాద.

మొదటి పని ఎర గుచ్చడం కాదు, చూడడం. ఆగస్టు నడుమ శివనాథ్ ఎర్రగా, చిక్కగా పారుతుంది. వేసవిలో దీన్ని చూసినవాడు ఇది అదే నది అంటే నమ్మడు. పైకి ఒకే ప్రవాహంలా ఉన్నా, కాసేపు కూర్చుంటే అది విడివిడిగా కనిపించడం మొదలవుతుంది. నడుమ దుంగల్ని లాక్కుపోయే వడి ఉంది. అక్కడ ఏ చేపా నిలబడదు, దాని బలం దానికే ఖర్చవుతుంది. ఒడ్డు పక్కన కదలని నీరు ఉంది. అక్కడికి మేత కొట్టుకురాదు. ఈ రెండూ ఒరుసుకునే చోట ఒక గీత ఉంటుంది. నురుగు ఆ గీత వెంబడే పోతుంది. నురుగు పోయే దారినే పురుగు, గింజ, కుళ్ళిన ఆకు, అన్నీ పోతాయి. చేప మందంగా ఉన్న నీటిలో ఒళ్ళు దాచుకుని, ఆ గీతలోకి మూతి చాపి నిలబడుతుంది. నాలా కలిసే చోట ఆ గీత ఇంకా స్పష్టం. తేటనీరు ఎర్రనీటిని తాకి, కలవకుండా కొంత దూరం పక్కపక్కనే పారుతుంది. ఆ అంచు మీద తెల్లవారి వెలుగు పడ్డప్పుడు చూడాలి. నిలువునా రెండు రంగులు, మధ్యలో వణికే దారం లాంటి హద్దు. రంగుల కూర్పు తెలిసిన ఏ చిత్రకారుడైనా ఆ హద్దు దగ్గర కుంచె ఆపుతాడు.

అక్కడే ఎర వెయ్యాలి. తవుడు, తెలకపిండి వేయించి, కాస్త మైదాతో ముద్ద చేసి రోహుకు వేస్తారు. వానపాము గుచ్చితే జెల్ల వస్తుంది, ఇక్కడ దాన్ని టెంగనా అంటారు. నీరు ఎర్రగా ఉన్న రోజుల్లో చేప కంటితో కన్నా వాసనతో మేత వెతుకుతుంది, కాబట్టి పిండి వేయించిన కమ్మదనం మీదే అంతా ఆధారపడి ఉంది. కర్ర వెదురుది. తాడు నైలానుది. బెండు మాత్రం రాలిన నెమలీక కాడ, పైన కొస ఎర్రగా రంగు వేసినది. ఫైబర్ కర్రలు, చక్రాలు, మెరిసే ప్లాస్టిక్ బెండ్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఇంటికే వస్తున్నాయి. వాటితోనూ చేపలు పడతాయి. కానీ నెమలీక కాడ నీటి మీద నిలబడే తీరు వేరు. అది బరువులేనిది, కింద జరిగే ప్రతి చిన్న ఆలోచననూ పైకి చెబుతుంది.

ఆ చెప్పడమే ఈ కళకు ప్రాణం. మిగతాదంతా సరంజామా.

నీటి పైన జానెడు కూడా లేని ఒక పుల్ల. నీటి కింద మనకు కనిపించని ఒక జీవి. రెంటికీ మధ్య సంభాషణంతా ఆ పుల్ల కదలికలోనే జరగాలి. పరిగె పిల్లలు ముద్దను పొడుస్తుంటే బెండు సన్నగా వణుకుతుంది, ఎక్కడికీ పోదు. పీత పట్టుకుంటే తొందర లేకుండా పక్కకు జరుగుతుంది. జెల్ల వచ్చిందా, ఒక్క ఊపున నిట్టనిలువుగా మునుగుతుంది, అందులో దాపరికం లేదు. ఎర్రమోసు నేల మీద మేసే చేప. అది ముద్దను పైకెత్తినప్పుడు తాడు బరువు తేలిపోయి, నిలబడ్డ బెండు మెల్లగా పక్కకు ఒరిగి నీటి మీద పడుకుంటుంది. తెలియనివాడు గాలి అనుకుంటాడు. రోహు అన్నిటికన్నా నాజూకు. ముందు ఒక తాకిడి, నీటి మీద వలయం కూడా లేవదు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడంలోనే అది మళ్ళీ తిరిగి వస్తోంది. ఇంకోసారి తాకుతుంది, బెండు కొస వేలెడు దిగి పైకొస్తుంది. ఆపైన ఏటవాలుగా, నిదానంగా, ఎవరో వేలితో నొక్కినట్టు లోపలికి జారుతుంది. మణికట్టు కదలాల్సింది ఆ జారుడులో. అంతకుముందు కదిపితే చేపకు అనుమానం, ఆ తర్వాత కదిపితే ముద్ద ఖాళీ.

ప్లాంటులో పనిచేసి రిటైరయిన శ్రీకాకుళం పెద్దాయన ఒకరు ఆ ఒడ్డున నా పక్కన కూర్చుంటారు. నా వేళ్ళు బిగుసుకోవడం చూస్తే చాలు, బెండు మీంచి కన్ను తిప్పకుండానే అంటారు: “తొందరపడకు బాబూ, అదింకా రుచి సూస్తంది.” నా కన్నా ముందు చేపను రుచి చూడనిచ్చే ఆ మాటలో ఒక గొప్ప విమర్శ సూత్రం ఉందని నాకు అనిపిస్తుంది.

కశ్మీరు ఆలంకారికుడు అభినవగుప్తుడు రసానుభవానికి అడ్డుపడే విఘ్నాలను ఏడుగా లెక్కపెట్టాడు. అందులో ఒకటి, మనిషి తన సొంత సుఖదుఃఖాల్లో కూరుకుపోయి ఉండడం. నాటకం చూస్తున్నవాడు అప్పు గురించీ పిల్ల పెళ్ళి గురించీ ఆలోచిస్తుంటే రసం పుట్టదు. నాట్యశాస్త్రం ఆ విఘ్నం పోగొట్టడానికి పాట, వాద్యం, రంగాలంకారం పెట్టింది. శివనాథ్ ఒడ్డున అంత పనినీ ఆ ఎర్ర కొస పుల్ల ఒక్కటే చేస్తుంది. దాని మీద చూపు నిలిపిన కాసేపటికి డ్యూటీ, ప్రమోషను, ఇంటి వాయిదా ఒక్కొక్కటే జారిపోతాయి. చూసేవాడూ చూడబడేదీ మాత్రం మిగులుతాయి. ఆ స్థితిలో ఉండగా బెండు మొదటిసారి కదిలితే గుండె అడుగున లేచేది భయమా, ఆశా, అద్భుతమా, విడదీసి చెప్పడం నావల్ల కాదు. సంచారీ భావాలన్నీ ఒక్క క్షణంలో వచ్చిపోతాయి.

వల సంగతి వేరు. వల కుటుంబాల్ని పోషించేది, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు. కేవట్ మనిషి చేతి నుంచి విసురు వల గుండ్రంగా విచ్చుకుని నీటి మీద పడే ఆ క్షణం కూడా చూడముచ్చటైనదే. అయినా వల తీసుకుంటుంది. దాని కింద ఉన్న చేపకు చెప్పడానికి ఏమీ మిగలదు. గాలం అడుగుతుంది. ఎర పెట్టి, ఇటు రమ్మని, ఆగి, ఎదురుచూస్తుంది. చేప రానక్కర్లేదు, వచ్చి వాసన చూసి వెళ్ళిపోవచ్చు, ముద్ద మాత్రం తిని పోవచ్చు. ఎన్నో పొద్దులు అలాగే పోతాయి. కాదనే వీలు ఎదుటివారికి ఉన్నప్పుడే అడగడంలో అందం ఉంటుంది. ఆగస్టు 16 ఆ అందానికి పరాకాష్ఠ, ఎందుకంటే ఆ అడిగేవాడు రెండు నెలలు అడగకుండా ఆగి వచ్చాడు.

ఈ అడగడాన్ని మరింత పలచన చేసి, దాదాపు గాలిలో కలిపేసిన కళ ఒకటి చల్లటి దేశాల్లో ఉంది: ఈకలతో చేసిన ఈగను ఎరగా వేసి ట్రౌట్ చేపను పట్టడం. అక్కడా తలుపు తెరిచే రోజు ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో క్యాట్‌స్కిల్ కొండల్లో రోస్కో అనే ఊరి దగ్గర బీవర్‌కిల్, విల్లోవీమాక్ అనే రెండు ఏరులు కలిసే మడుగు ఉంది. ఏప్రిల్ 1న, గట్టున ఇంకా మంచు ఉన్నా, జనం అక్కడ చేరి మొదటి తాడు విసురుతారు. మన దేశంలో హిమాచల్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా ట్రౌట్ వేట ఆపి, మార్చి 1న తెరుస్తారు. కులూ వైపు తీర్థన్ లోయలో ఆ రోజుకు ముందే గదులు నిండుతాయి. ట్రౌట్‌కు చల్లటి, పారే, ఊపిరున్న నీరు కావాలి. నీటి వేడి 20 డిగ్రీలు దాటితే దానికి కష్టం మొదలవుతుంది. శివనాథ్‌లో అది బతకదు, బతకాలని కోరుకోవడమూ తగదు.

ఆ కళలో విచిత్రమంతా ఎరలో ఉంది. అది తినే వస్తువు కాదు. కొక్కెం మీద కోడి ఈక, ఉన్ని పోగు, పట్టుదారం చుట్టి ఈగ ఆకారం తెస్తారు. దానికి బరువే లేదు కాబట్టి మామూలు గాలంలా విసిరితే ముందుకు పోదు. బరువు తాడులోనే పెట్టి, ఆ తాడును గాలిలో వెనక్కీ ముందుకీ ఊపుతారు. అది తల మీద సన్నని వంపుగా విచ్చుకుని, నిదానించి, చివరికి ఆ ఈగ నీటి మీద అప్పుడే వాలినట్టు వాలాలి. నీటి మీద చప్పుడైతే ఆట అయిపోయినట్టే. క్రీస్తుశకం మొదటి శతాబ్దాల్లోనే ఈలియన్ అనే రచయిత మాసిడోనియాలో జనం ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు రెండు కట్టి చేపల్ని పట్టే పద్ధతి రాశాడు. 1496లో ఇంగ్లండులో అచ్చయిన గాలం గ్రంథంలో పన్నెండు రకాల ఈగల వివరం ఉంది. అంత పాతది ఈ అనుకరణ.

అనుకరణ అనగానే కశ్మీరు గుర్తుకొస్తుంది. నాట్యశాస్త్రంలోని భరతుడి రససూత్రాన్ని వ్యాఖ్యానిస్తూ అక్కడి శంకుకుడు రసం అనుకరణ రూపమన్నాడు. బొమ్మ గుర్రాన్ని చూస్తున్నవాడు అది నిజమనీ అనుకోడు, అబద్ధమనీ అనుకోడు, సందేహపడడు, పోల్చి చూసుకోడు. ఈ నాలుగూ కాని అయిదో తెలివితో దాన్ని గుర్రంగానే అనుభవిస్తాడు. చిత్రతురగ న్యాయం అదే. ఈకల ఈగ నీటి మీద వాలినప్పుడు ట్రౌట్ దాన్ని నిజమనుకుంటుంది, కాబట్టి అది రసం అనుభవించే సహృదయుడి కిందికి రాదు. ఒడ్డున నిలబడ్డవాడు సహృదయుడు. తన చేతులతో తానే చుట్టిన ఈక అని తెలిసీ, అది వాలిన క్షణంలో దాన్ని ఈగగానే చూస్తాడు. చూడకపోతే దాన్ని ఈగలా నడపలేడు. అభినవగుప్తుడూ ఆయన గురువు భట్టతౌతుడూ శంకుకుడి అనుకరణ వాదాన్ని ఒప్పుకోలేదు, రసాన్ని చూసేవాడి హృదయంలోకి మార్చారు. ఈగ గాలం విషయంలో ఇద్దరి మాటా నిలుస్తుందని నా తీర్పు. ఎర దగ్గర శంకుకుడు గెలుస్తాడు, ఒడ్డు దగ్గర అభినవుడు. వాళ్ళ కాలంలో కశ్మీరు ఏరుల్లో ట్రౌట్ లేదు. 1900 ప్రాంతంలో స్కాట్లాండ్ నుంచి గుడ్లుగా ఓడలో వచ్చింది. తొమ్మిదో శతాబ్దం నుంచి ఆ లోయలో నలిగిన వాదానికి ఇంత చక్కని దృష్టాంతం ఆ లోయ నీళ్ళలోకే వచ్చి చేరడం నాకు పరమ సంతోషం కలిగించే సంగతి.

ఆ పరాయి కళలో మన నేల పాలూ ఉంది. వెదురును ఆరు పలకలుగా చీల్చి, అతికించి చేసే గాలపు కర్రలకు పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో వాడింది మన దగ్గర నుంచి పోయిన కలకత్తా వెదురు. చైనా వెదురు తర్వాత వచ్చింది. ఈగలు కట్టడానికి ఇంగ్లండువాళ్ళు ఎగబడి కొన్నది మన దక్షిణాది అడవికోడి మెడ ఈక, కొసన మైనపు చుక్క పెట్టినట్టుండేది. బూడిదరంగు అడవికోడి గోదావరి దాకా ఉంటుంది. గోదావరి దాటి బస్తర్ వైపు వస్తే ఎర్ర అడవికోడి మొదలవుతుంది. ఆ ఈకల ఎగుమతిని తర్వాత మన ప్రభుత్వం ఆపింది, మంచిపని చేసింది. గాలం వినోదాన్ని కళగా శాస్త్రీకరించడం కూడా మనకు కొత్త కాదు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దంలో కూర్చిన మానసోల్లాసంలో మత్స్యవినోదం అని ఒక అధ్యాయమే ఉంది. ఏ చేప ఎక్కడ తిరుగుతుంది, ఏది తింటుంది, దేనికి ఏ ఎర, అన్నీ రాజుకు తెలియాల్సిన విద్యల్లో చేర్చాడు. సుందర్‌లాల్ హోరా అనే చేపల శాస్త్రవేత్త 1951లో దాన్ని పరిశీలించి ప్రకటించాడు. సంగీతానికీ నృత్యానికీ చోటిచ్చిన గ్రంథంలోనే గాలానికీ చోటిచ్చిన ఆ రాజు రసజ్ఞుడు.

గాలంలో క్రూరత్వం ఉంది. దాన్ని దాచి ఈ అందాన్ని పొగడడం నాకు ఇష్టం లేదు. ముల్లు దిగిన చేప పెనుగులాడుతుంది. ఆ పెనుగులాట తాడు గుండా, వెదురు గుండా నా అరచేతిలోకి వస్తుంది. ఆ అదురు కోసమే నేను వచ్చానని నాకు తెలుసు. కరుణ కలగని చెయ్యి గాలం పట్టకూడదు. దీనికి నాకు దొరికిన సమాధానం మన పంచాంగంలో ఉంది. చాలా ఏళ్ళు ఆగస్టు 16 మన శ్రావణంలో పడుతుంది. వరలక్ష్మీ వ్రతం రోజులు. సుపేలా తెలుగిళ్ళలో పొయ్యి మీదికి చేప రాదు, గుమ్మం లోపలికే రాదు. కాబట్టి తలుపు తెరిచిన ఆ తొలి ఉదయం గాలం వేసేవాడు కూర కోసం వెయ్యడం లేదు. చేపను ఒడ్డు దాకా తెచ్చి, అరచెయ్యి తడుపుకుని, నీళ్ళలోనే ముల్లు తీసి, రోహు పొలుసుల అంచున ఉన్న ఆ పలచని ఎరుపు ఒక్కసారి చూసి వదిలేస్తాడు. అది వెంటనే పోదు. చేతుల మధ్య కాసేపు నిలబడి, మొప్పలు ఆడించి, బలం తెచ్చుకుని అప్పుడు వెళుతుంది. ఉత్తరాదివాళ్ళ సావన్ మనకన్నా పదిహేను రోజులు ముందు మొదలై ముందే ముగుస్తుంది, అందుకని పొరుగున ఉన్న ఛత్తీస్‌గఢీ ఇంట్లో అప్పటికే చేపకు ఎదురుచూస్తుండవచ్చు. వాళ్ళకు ఒకటి ఇచ్చినా తప్పులేదు. కానీ మన ఇంట్లో వండని చేపను పట్టిన ఆ పొద్దున, నాలుక ప్రమేయం లేకుండా నది ఇచ్చేదంతా అనుభవానికి వస్తుంది.

ఇదంతా నది అందరిదీ అయినప్పుడే సాధ్యం. 1998లో దుర్గ్ దగ్గర ఇదే శివనాథ్‌లో 23 కిలోమీటర్ల పైచిలుకు భాగాన్ని పారిశ్రామిక నీటి సరఫరా ఒప్పందం కింద ఒక ప్రైవేటు సంస్థ చేతిలో పెట్టారు. ఒడ్డు ఊళ్ళవాళ్ళు తమ ఏటిలో తాము స్నానానికీ, చేపకూ దిగలేకపోయామని మొరపెట్టుకున్నారు. దేశమంతా మాట్లాడుకున్న గొడవ అది. చేప కోసం రెండు నెలలు మూసిన నదికీ, లాభం కోసం ఏళ్ళ తరబడి మూసిన నదికీ ఉన్న తేడా ఆ ఊళ్ళ కేవట్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. మొదటి మూత నదిని నింపుతుంది. రెండోది మనిషిని వెళ్ళగొడుతుంది.

భిలాయి తెలుగు మిత్రులకు నా విన్నపం ఇంతే. జూన్ 16 నుంచి ఆగస్టు 15 దాకా నదిచేప అని చెప్పి ఎవరైనా అమ్మితే కొనకండి, పెంపకం చేప దొరుకుతూనే ఉంటుంది. ఆ రెండు నెలలు పిల్లల్ని వంతెన మీదికి తీసుకెళ్ళి నీటి గీతలు చూపించండి. ఆగస్టు 16న వస్తే కేవట్లు వల వేసే చోటుకు దూరంగా కూర్చోండి, కొక్కెం మొన వెనక ఉండే చిన్న ముల్లును పట్కారుతో నొక్కేసి తీసుకురండి, గుడ్ల కడుపుతో ఉన్న చేప వస్తే నిషేధం ముగిసినా సరే వదిలెయ్యండి. ఎనికట్ మీదుగా నీళ్ళు పొర్లుతుంటే మాత్రం దిగువ రాళ్ళ మీదికి ఎవరూ దిగవద్దు, ఆ వారంలో పైన కురిసిన వాన ఇక్కడికి చెప్పకుండానే వస్తుంది.